మా అబ్బాయికి జూలియన్ అసాంజ్ అంటే ప్రాణం, ల్యాప్‌టాప్‌లో టోర్ పెట్టుకున్నాడు. భయపడాలా?

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లబ్బాయి ఒంగోలులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ప్రభుత్వాల రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటు పెట్టిన అసాంజ్ బొమ్మ గది గోడకి అంటించుకున్నాడట. ల్యాప్‌టాప్‌లో టోర్ అనే, ఇంటర్నెట్‌లో తానెవరో దాచిపెట్టే బ్రౌజర్ వేసుకున్నాడట. సెలవులకి ఇంటికొస్తే "గవర్నమెంటు వెబ్‌సైట్లలో బొక్కలు కనిపెడతా" అంటున్నాడట. బంధువు ఒకాయన "వాడెవడో జైలుకెళ్లొచ్చిన హ్యాకర్, ముందు పిల్లోడి ల్యాప్‌టాప్ లాక్కోండి" అన్నారట. ఆమె అడిగినవి రెండే. ఆ మనిషి మంచోడా, చెడ్డోడా? నేను ల్యాప్‌టాప్ తీసుకోవాలా?

అమ్మా, ముందు రెండో దానికి చెప్తాను. తీసుకోవద్దు. టోర్ వాడటం మన దేశంలో నేరం కాదు, అసాంజ్ అంటే ఇష్టపడటమూ నేరం కాదు. కానీ మీవాడితో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. అడగకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి పోకూడదు. పొరపాటున పోయినా, అక్కడ కనపడిన మామూలు మనుషుల వివరాలు బయటికి తేకూడదు. మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఈ రెండు మాటల్లోనే ఉంది. అసాంజ్ గురించి నాకు గౌరవం ఉంది, కోపం కూడా ఉంది. ఆ రెండూ ఎందుకో చెప్తాను.

నేను 2001లో నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర చిన్న నెట్ సెంటర్‌తో మొదలుపెట్టాను. తర్వాత రొయ్యల కంపెనీలకీ, ఆసుపత్రులకీ, కాలేజీలకీ నెట్‌వర్కులు వేశాను. పదేళ్ల నుంచి పిల్లలకి సెక్యూరిటీ నేర్పుతున్నాను. మీవాడిలాంటి వాళ్లు ఏటా నా ముందు కూర్చుంటారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసాంజ్ 1971లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో పుట్టాడు. తల్లితో ఊళ్లు మారుతూ పెరిగాడు, ఒక బడిలో కుదురుగా చదివింది లేదు. పదహారు, పదిహేడేళ్లకి మోడెం పట్టుకుని 'మెండాక్స్' అనే మారుపేరుతో కంప్యూటర్లలోకి దూరడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరితో కలిసి ఇంటర్నేషనల్ సబ్‌వర్సివ్స్ అని జట్టు కట్టాడు. దూరిన చోట ఏదీ పాడు చేయకూడదని వాళ్లకి వాళ్లే నియమం పెట్టుకున్నారు. అయినా 1991లో పోలీసులు ఇంటికొచ్చారు. నోర్టెల్ అనే టెలిఫోన్ కంపెనీ కంప్యూటర్లలోకి వెళ్లడం అందులో పెద్ద కేసు. 1996లో 24 నేరాలు ఒప్పుకున్నాడు. డబ్బు కోసం చేసినట్టు ఎక్కడా కనపడలేదు, తెలివైన కుర్రాడి కుతూహలమే కనపడింది అని జడ్జి అన్నారు. 2,100 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టించుకుని, మంచి నడవడికకి పూచీ రాయించుకుని వదిలేశారు.

మీవాడికి ఈ భాగం నచ్చుతుంది. "చూశావా, జైలు పడలేదు" అంటాడు కూడా. ఆ మాట అంటే, పోలీసులు ఇంటికొచ్చిన నాటి నుంచి తీర్పు దాకా ఐదేళ్లు పట్టిందని గుర్తు చేయండి. ఆ ఐదేళ్లూ ఇరవై ఏళ్ల కుర్రాడు రేపేమవుతుందో తెలియకుండా బతికాడు. మన దగ్గర అదే అయితే పాస్‌పోర్టు, క్యాంపస్ ఉద్యోగం, పోలీస్ వెరిఫికేషన్ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఆ కేసు తర్వాత అసాంజ్ చేసిన పని మీద నాకు నిజమైన గౌరవం. పోలీసులు అతని ఫోన్ లైను మీద చెవి పెట్టి విన్నారు. వినేవాళ్ల చేతిలో ఎంత బలం ఉంటుందో అతనికి అనుభవంలో తెలిసింది. సైఫర్‌పంక్‌లు అని ఒక గుంపు ఉండేది. మామూలు మనిషికి ప్రభుత్వం నుంచి ప్రైవసీ కావాలంటే చట్టాలని నమ్ముకుంటే చాలదు, గణితాన్ని నమ్ముకోవాలి అన్నది వాళ్ల వాదం. అంటే ఎన్‌క్రిప్షన్, తాళంచెవి ఉన్నవాడు తప్ప ఇంకెవరూ చదవలేకుండా రాతని మార్చేయడం. అసాంజ్ వాళ్లలో చేరి, 1997లో ఇద్దరితో కలిసి రబ్బర్‌హోస్ అనే ప్రోగ్రామ్ రాశాడు. రబ్బరు పైపుతో కొట్టి పాస్‌వర్డ్ చెప్పించుకునే పోలీసులని తలచుకుని పెట్టిన పేరది. ఒకే డిస్కులో రెండు మూడు అరలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్. కొడితే ఒక పాస్‌వర్డ్ చెప్పేయొచ్చు. ఇంకో అర ఉందని కొట్టేవాడు రుజువు చేయలేడు. మానవ హక్కుల కోసం పనిచేసేవాళ్లకని చేశాడు. కొట్టి చెప్పించుకోవడం అంటే ఏంటో మన పోలీస్ స్టేషన్లు తెలిసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

2006లో వికీలీక్స్ పెట్టాడు. పేరు చెప్పకుండా ఎవరైనా రహస్య పత్రాలు పంపొచ్చు. టోర్ అక్కడ పనికొచ్చింది, కాబట్టి టోర్ అంటే ఏంటో రెండు మాటల్లో చెప్తాను. మీకు భయం దానిమీదే కదా.

టోర్ అంటే ఎర్రగడ్డ పొరలు. నిజంగానే దాన్ని ఆనియన్ రౌటింగ్ అంటారు. మీవాడు పంపే సమాచారం మీద మూడు పొరల తాళాలు వేస్తారు. అది మూడు కంప్యూటర్ల మీదుగా పోతుంది, ఒక్కోటి ఒక్కో పొర మాత్రమే విప్పుతుంది. మొదటి దానికి పంపినవాడెవరో తెలుసు, ఎక్కడికి పోతుందో తెలియదు. చివరి దానికి ఎక్కడికి పోతుందో తెలుసు, పంపినవాడెవరో తెలియదు. దీన్ని మొదట తయారుచేసింది అమెరికా నౌకాదళం వాళ్ల పరిశోధనశాలలోనే. నేరగాళ్లు దాన్ని వాడతారు, నిజమే. జర్నలిస్టులు, భర్త నిఘా నుంచి తప్పించుకునే ఆడవాళ్లు కూడా వాడతారు. ఒకటి మాత్రం మీవాడు తెలుసుకోవాలి. టోర్‌లో ఏం చూస్తున్నాడో కాలేజీ వైఫై వాళ్లకి కనపడదు గానీ, టోర్ వాడుతున్నాడన్నది కనపడుతుంది. టోర్ తెరిచి అందులో తన సొంత జీమెయిల్‌లోకి లాగిన్ అయితే ఆ మనిషెవరో గూగుల్‌కి తెలిసిపోతుంది. పిల్లలు దొరికిపోయేది టోర్ లోపం వల్ల అరుదు, ఇలాంటి అజాగ్రత్త వల్లే ఎక్కువ.

ఇక 2010. ఆ ఏడాది ఏప్రిల్ 5న వికీలీక్స్ ఒక వీడియో పెట్టింది. 2007 జూలైలో బాగ్దాద్‌లో అమెరికా హెలికాప్టర్ మనుషుల్ని కాల్చిన వీడియో. చనిపోయినవాళ్లలో రాయిటర్స్ వార్తాసంస్థలో పనిచేసే ఇద్దరున్నారు. రాయిటర్స్ ఆ వీడియో అధికారికంగా అడిగినా అమెరికా సైన్యం ఇవ్వలేదు. తర్వాత ఆఫ్ఘన్ యుద్ధ నివేదికలు, ఇరాక్‌వి దాదాపు 3.9 లక్షలు, ఆ నవంబరు నుంచి అమెరికా రాయబార కార్యాలయాల కేబుళ్లు, అంటే వాళ్ల ప్రభుత్వానికి రాసి పంపే లోపలి ఉత్తరాలు, 2.5 లక్షల పైచిలుకు. ఇవన్నీ ఇచ్చింది సైన్యంలో పనిచేసే చెల్సీ మానింగ్. ఆమెకి 35 ఏళ్ల శిక్ష వేశారు. ఒబామా తగ్గించాక 2017లో బయటికొచ్చింది. మనకి కూడా ఆ వేడి తగిలింది. 2011 మార్చిలో ది హిందూ పత్రిక భారతదేశానికి సంబంధించిన కేబుళ్లు వేసింది. 2008 విశ్వాస పరీక్షకి ముందు ఎంపీల కోసం డబ్బు సిద్ధం చేశారన్న కేబుల్ మీద పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. ప్రభుత్వం దాన్ని ఖండించింది. అప్పుడు నా నెట్ సెంటర్‌లో వారం రోజులు ఇదే చర్చ. ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ వచ్చి ఆ కేబుళ్లు ప్రింట్ తీయించుకుని పోయేవారు. మన గురించి వాళ్లు లోపల ఏం రాసుకుంటారో మొదటిసారి చదువుతున్నానయ్యా, అనేవారు. నేను వికీలీక్స్ విలువ అర్థం చేసుకుంది ఆ మాస్టారిని చూసి.

ఇక్కడిదాకా గౌరవం. ఇక నా కోపం గురించి.

2011 సెప్టెంబరులో ఆ కేబుళ్లన్నీ పేర్లు దాచకుండా మొత్తం బయటికొచ్చాయి. అంతకుముందు దాకా పత్రికలతో కలిసి, ప్రాణాలకి ముప్పున్నవాళ్ల పేర్లు కొట్టేసి వేసేవాళ్లు. అసలేం జరిగిందంటే, తాళం వేసిన ఫైలు ఒకటి ఇంటర్నెట్‌లో అప్పటికే తిరుగుతోంది. దాని పాస్‌వర్డ్ ఒక పత్రిక విలేఖరులు రాసిన పుస్తకంలో అచ్చయింది. అది అప్పటికప్పుడు పనిచేసి పోయే తాత్కాలిక పాస్‌వర్డ్ అనుకున్నాం అని వాళ్లు అన్నారు. పాస్‌వర్డ్ అచ్చు వేయడమే తప్పని వికీలీక్స్ అంది. ఇంక దాచి లాభం లేదని వికీలీక్స్ కూడా మొత్తం పెట్టేసింది. అప్పటిదాకా కలిసి పనిచేసిన ఐదు పెద్ద పత్రికలూ దాన్ని ఖండించాయి.

నా క్లాసులో ఈ సంగతి ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, ఎందుకంటే ఇది మన ఇళ్లలో కూడా జరుగుతుంది. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. ఒకసారి బయటికి పోయిన ఫైలు పాస్‌వర్డ్ మార్చలేం. ఎన్ని కాపీలు పోయాయో అన్నిటికీ పాత తాళమే ఉంటుంది. మీ ఈ-ఆధార్ పీడీఎఫ్ తీసుకోండి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ సూత్రం అందరికీ తెలుసు. ఏ నెట్ సెంటర్ కంప్యూటర్‌లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి, వందల ఈ-ఆధార్‌లు ఉంటాయి, చాలావాటికి ఫైలు పేరే మనిషి పేరు. ఆత్మకూరు బస్టాండు వైపు ఒక షాపులో నేను ప్రింటర్ బాగు చేయడానికి పోయి చూసినవే 1,400 పైన. నడిపే కుర్రాడు మంచోడే, తీసేయాలని ఎవరూ చెప్పలేదంతే. ఇద్దరం కూర్చుని తీసేశాం.

అసాంజ్ మీద అందరూ మొదట అడిగేది స్వీడన్ కేసు. 2010 ఆగస్టులో ఇద్దరు మహిళలు లైంగిక ఆరోపణలు చేశారు, అతను కాదన్నాడు. స్వీడన్ పంపిస్తే అక్కణ్ణుంచి అమెరికాకి అప్పగిస్తారని 2012 జూన్‌లో లండన్‌లోని ఈక్వెడార్ రాయబార కార్యాలయంలోకి పోయి ఆశ్రయం అడిగాడు. దాదాపు ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. స్వీడన్ విచారణ మధ్యలో ఆగి, మళ్లీ తెరిచి, 2019 నవంబరులో మూసేశారు. అభియోగం నమోదు కాలేదు, కోర్టులో తేలనూ లేదు. ఆ ఆడవాళ్ల మాటా, అతని మాటా ఎవరూ పూర్తిగా విచారించలేదు. కాబట్టి ఇందులో నేను తీర్పు చెప్పను. మీవాడు మాత్రం "అదంతా కుట్ర" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే ఒప్పుకోవద్దు. హీరో మీద వచ్చిన ఆరోపణ కాబట్టి అబద్ధం అనే అలవాటు ఆ వయసులో పడితే తర్వాత వదలదు.

2016 అమెరికా ఎన్నికల ముందు డెమోక్రటిక్ పార్టీ ఈమెయిళ్లు వేశాడు. అవి దొంగిలించింది రష్యా సైనిక గూఢచారులని అమెరికా 12 మంది మీద కేసు పెట్టింది. రష్యా ప్రభుత్వం నుంచి తీసుకోలేదని అసాంజ్ అన్నాడు. దీనిమీద వాదించుకునేవాళ్లు వాదించుకోనీ. నాకు అందులో కష్టం కలిగించింది వేరే. ఆ ఈమెయిళ్లలో పార్టీకి చందా ఇచ్చిన మామూలు మనుషుల క్రెడిట్ కార్డు వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. మన ఆధార్ నంబరులాంటివి. వాటిని తీసేయకుండానే పెట్టారు. అంతకుముందు వేసిన సౌదీ పత్రాల్లో రోగుల మెడికల్ ఫైళ్లు, అత్యాచారానికి గురైన ఇద్దరు మైనరు పిల్లల పేర్లు కూడా ఉన్నాయని 2016లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. టర్కీ పాలక పార్టీ ఈమెయిళ్లు వేసినప్పుడు లక్షల మంది ఆడ ఓటర్ల చిరునామాలున్న ఫైళ్ల లింకుని వికీలీక్స్ ట్విట్టర్‌లో పంచింది.

బలహీనుడికి ప్రైవసీ ఉండాలి, బలవంతుడి వ్యవహారం అందరికీ కనపడాలి. అతని జీవితం నిలబడ్డ మాట ఇది, సైఫర్‌పంక్‌ల మాట. ఆ పిల్లలు బలవంతులా? ఆ రోగులు ఎవరిమీద యుద్ధం చేశారు? రబ్బర్‌హోస్ రాసిన చేతులే ఈ ఫైళ్లు పెట్టాయంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. లక్షల ఫైళ్లు చదివి పేర్లు కొట్టేయడం పెద్ద పని, మనుషులు కావాలి, డబ్బు కావాలి. వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ 2010 డిసెంబరులోనే వాళ్లకి చందాలు ఆపేశాయి, అది నిజమే. చదవలేకపోతే వేయకుండా ఆపాలి.

ఇంత కోపంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇదే తప్పు నా శిష్యుడు చేశాడు. అందులో నా తప్పు కూడా ఉంది.

ఏడెనిమిదేళ్ల కింద ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో చదివే కుర్రాడు నా దగ్గర నేర్చుకున్నాడు. చాలా చురుకు. వెబ్ అడ్రసులో చివర ఉన్న నంబరు మారిస్తే వేరేవాళ్ల పేజీ తెరుచుకునే లోపం ఒకటుంది, చాలా సైట్లలో కనపడుతుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో క్లాసులో చూపించాను. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. వాడు తన కాలేజీ మార్కుల సైట్లో హాల్ టికెట్ నంబరు మార్చి చూశాడు. తెరుచుకుంది. అక్కడ ఆగి ప్రిన్సిపాల్‌కి చెప్పుంటే వాడికి సన్మానం చేయాలి. ఆగలేదు. చిన్న ప్రోగ్రామ్ రాసి 600 మంది పేజీలు దించాడు. మార్కులు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, తండ్రుల ఆదాయం. "కాలేజీ ఎంత నిర్లక్ష్యంగా ఉందో చూడండి" అని రుజువుకి కొన్ని పేజీలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండు రోజుల్లో అవి ఊరంతా తిరిగాయి. ఒక అమ్మాయికి నెల రోజులు తెలియని నంబర్ల నుంచి ఫోన్లొచ్చాయి. వాళ్ల నాన్న ఆ అమ్మాయిని కాలేజీ మాన్పించాలనుకున్నారు.

కాలేజీవాళ్లు పోలీసు కేసు పెడతామన్నారు. కుర్రాడి నాన్న ఆర్టీసీలో కండక్టరు. రాత్రి పదకొండింటికి మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయారు, లోపలికి రమ్మన్నా రాలేదు. మర్నాడు నేను వాళ్లతో పాటు పోయాను. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ వాళ్ల ముందే తీసేశాం, వాడు క్షమాపణ రాసిచ్చాడు, ఆ బొక్క నేనే దగ్గరుండి మూయించాను. కేసు లేకుండా పోయింది. వాడు ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఆ అమ్మాయి చదువు మానలేదు గానీ కాలేజీ మారింది. కాలేజీ నిర్లక్ష్యం నిజమే, వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమే. దెబ్బ మాత్రం ఆ అమ్మాయికి తగిలింది.

అప్పటి నుంచి మొదటి క్లాసులోనే రాసిస్తాను. బొక్క ఉందని రుజువు చేయడానికి ఒక్క రికార్డు చాలు, అది కూడా నీదో, ఒప్పుకున్న స్నేహితుడిదో అయి ఉండాలి. రెండోది తెరిస్తే అది పరిశోధన అనిపించుకోదు.

ఈ పని సరిగ్గా చేసిన తెలుగువాళ్లు లేరా అంటే ఉన్నారు. గోడ మీద అసాంజ్ పక్కన వాళ్ల బొమ్మలు కూడా పెట్టుకోమనండి. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ తరఫున హైదరాబాదుకి చెందిన శ్రీనివాస్ కొడాలి, అంబర్ సిన్హా అనే ఇంకో పరిశోధకుడితో కలిసి ఒక నివేదిక ఇచ్చాడు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బహిరంగంగా ఉన్నాయని. ఆ నాలుగులో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. మరుసటి ఏడాది మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైట్లో 1.3 లక్షల మంది ఆధార్, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా కనపడుతున్నాయని కొడాలి బయటపెట్టాడు. వాళ్లు ఏ తాళమూ పగలగొట్టలేదు. ప్రభుత్వమే తెరిచిపెట్టిన పేజీలు చూసి చెప్పారు. పేదల నంబర్లు మళ్లీ అచ్చు వేయలేదు. మన ఉపాధి కూలీల కోసం ఇంతకంటే పెద్ద సేవ ఏ హ్యాకర్ చేశాడు?

అలా చేసినా ఒక్కోసారి కష్టాలు తప్పవు, అది కూడా చెప్పాలి. హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్ 2010లో ఓటింగ్ మిషన్ లోపల ఏముందో ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి పరీక్షించాడు. వాళ్లలో ఒకరు డచ్ హ్యాకర్ రాప్ గోంగ్రిప్, బాగ్దాద్ వీడియో పనిలో అసాంజ్‌కి సాయం చేసింది ఈయనే. ఎన్నికల సంఘం వాళ్ల వాదన ఒప్పుకోలేదు. మిషన్ ఎవరిచ్చారో చెప్పమని ఆగస్టులో ముంబై పోలీసులు హరిప్రసాద్‌ని ఇంటి నుంచి తీసుకెళ్లారు. ఆయన పేరు చెప్పలేదు. వారం తర్వాత బెయిలు వచ్చింది. మిషన్ల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, నమ్మి ఇచ్చినవాడి పేరు చెప్పకుండా నిలబడటం చిన్న విషయం కాదు.

మన చట్టం సంగతి. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి పోయినా, డేటా దించుకున్నా నష్టపరిహారం కట్టాలి. మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం 'రక్షిత వ్యవస్థ' అని ప్రకటించినవాటి మీద ప్రయత్నం చేసినా 70వ సెక్షన్ కింద పదేళ్ల దాకా పడొచ్చు. ఆధార్ ప్రధాన డేటాబేస్ అలాంటిదే. "నా ఉద్దేశం మంచిది సార్" అన్న మాట 66 దగ్గర పనికొస్తుందేమో గానీ 43 దగ్గర పనికిరాదు. లోపం కనపడితే సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకి రాయొచ్చు, దానికి పద్ధతి ఉంది. కొన్ని కంపెనీలు కనిపెట్టినవాళ్లకి డబ్బు కూడా ఇస్తాయి. ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో వాళ్లే రాసిపెడతారు. మీవాడు అక్కడ మొదలుపెట్టాలి.

ఇంకోవైపు, ప్రైవసీ మన ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో రిటైరైన జడ్జి పుట్టస్వామి గారు. కాబట్టి మీవాడి ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందంటే వాడేదో దాస్తున్నాడని అనుకోకండి. చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒకాయనకి ఉత్తరాలు వేరేవాళ్ల కంటపడటం వల్లే నష్టం జరిగింది. ఎవరో ఆయన మెయిల్ బాక్సులోకి దూరి, విదేశీ కొనుగోలుదారుడితో జరిగే ఉత్తరాలన్నీ నెలపాటు చదివి, సరిగ్గా డబ్బు వేసే రోజున "మా బ్యాంకు ఖాతా మారింది" అని ఆయన పేరుతోనే రాశారు. కంటైనర్ డబ్బంతా వేరే దేశంలో ఖాతాకి పోయింది, తిరిగి రాలేదు. ఇప్పుడు ఆయన ఖాతా నంబరు వీడియో కాల్‌లో మొహం చూసుకునే చెప్తారు.

అసాంజ్ చివరికి ఏమయ్యాడో మీ బంధువుకి చెప్పండి. 2019 ఏప్రిల్ 11న రాయబార కార్యాలయం నుంచి పోలీసులు మోసుకుపోయారు. లండన్‌లోని బెల్‌మార్ష్ జైల్లో పెట్టారు. అమెరికా 18 అభియోగాలు పెట్టింది, అన్నీ కలిపితే 175 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. అందులో హ్యాకింగ్ కుట్ర ఒక్కటే, ఒక పాస్‌వర్డ్ విప్పడానికి మానింగ్‌కి సాయం చేస్తానన్నాడని. మిగతా 17 గూఢచర్య చట్టం కింద, రహస్య పత్రాలు సంపాదించడం, వేయడం మీద. పత్రికలు రోజూ చేసే పనిని నేరం చేస్తున్నారని అతన్ని ఇష్టపడని పత్రికలు కూడా ఎదురు తిరిగాయి. నా అభిప్రాయం కూడా అదే. 2024 జూన్ 26న పసిఫిక్ సముద్రంలోని సైపన్ దీవిలో ఉన్న అమెరికా కోర్టులో గూఢచర్య చట్టం కింద ఒక్క నేరం ఒప్పుకున్నాడు. జైల్లో అప్పటికే గడిపిన 62 నెలలే శిక్షగా లెక్కకట్టి వదిలేశారు. అదేరోజు ఆస్ట్రేలియా చేరాడు. అతన్ని 'దేశద్రోహి' అనేవాళ్లూ ఉన్నారు, కానీ అలా అనడానికి అమెరికా అతని దేశమే కాదు.

ఇక మీరు చేయాల్సింది. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు అరవకుండా అడగండి. "నువ్వు దించిన ఫైల్లో నా ఫోన్ నంబరు, నా బ్యాంకు పుస్తకం ఉంటే ఏం చేస్తావురా?" అని. వెంటనే జవాబు రాకపోయినా ఫర్వాలేదు, ఆలోచించుకోనివ్వండి. తర్వాత ఇంట్లో అందరి ఫోన్లకీ రెండంచెల లాక్ పెట్టమనండి, మీరు ఆధార్ ప్రింట్ తీయించుకునే షాపుకి పోయి ఆ ఫైళ్లు అడిగి తీయించమనండి. చేతినిండా పని ఉంటుంది.

ఇంకా ఆసక్తి ఉంటే ఒక ఆదివారం నెల్లూరు పంపండి. పాత కంప్యూటర్లు నాలుగు కలిపి పిల్లల కోసం ఒక ల్యాబ్ పెట్టాను. వాటిని ఎంత పగలగొట్టినా అడిగేవాళ్లు లేరు, అనుమతి నాదే. ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకోమనండి.